వెబ్‌సైట్ ఫొటోలను ఎక్కడ చిన్నవి చేయాలి: ఎక్కించేటప్పుడా, అడిగినప్పుడా, బయటి సర్వీసులోనా?

విశాఖలో ఒక చిన్న వ్యాపారం వెబ్‌సైట్ నెమ్మదిగా తెరుచుకుంటోందంటే చాలాసార్లు కారణం ఫొటోలే. అది హోమ్‌స్టే కావచ్చు, చీరల షాపు కావచ్చు, కోచింగ్ సెంటర్ కావచ్చు. అడిగితే ఒకరు హోస్టింగ్ మార్చమంటారు, ఇంకొకరు ప్లగిన్ (సైట్‌కు చేర్చే అదనపు ప్రోగ్రామ్) కొనమంటారు, మరొకరు సైట్ మొత్తం మళ్లీ కట్టించుకోమంటారు. డబ్బు ఖర్చయ్యే ఈ సలహాలన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఫోన్‌లో తీసిన పెద్ద ఫొటో, చూసేవాళ్ల స్క్రీన్‌కు సరిపోయే చిన్న ఫొటోగా ఎక్కడ మారుతోంది? ఎప్పుడు మారుతోంది? మారాక ఎక్కడ దాచి ఉంటోంది?

దీనికి నాలుగైదు దారులున్నాయి. ఒక్కోదాన్నీ గట్టిగా సమర్థించేవాళ్లున్నారు. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఏది వేగం అన్నది రెండో ప్రశ్న. మీ సైట్‌లోకి ఫొటోలు ఎక్కించేది ఎవరు అన్నది మొదటి ప్రశ్న. సరిగ్గా అమర్చుకుంటే అన్ని దారులూ వేగంగానే పనిచేస్తాయి. ఎక్కించే మనిషి అలవాటుకు సరిపడని దారి ఎంత గొప్పదైనా కొన్ని నెలల్లో మళ్లీ మొదటికే వస్తుంది.

ముందు లెక్క చూద్దాం. ఫోన్ కెమెరా ఇచ్చే 12 మెగాపిక్సెల్ ఫొటో 4000 × 3000 పిక్సెళ్లు ఉంటుంది. ఫైలు 3 నుంచి 5 ఎంబీ. దాన్ని చూసే ఫోన్ స్క్రీన్ వెడల్పు చాలా మోడళ్లలో 1080 పిక్సెళ్లు. స్క్రీన్ నిండా చూపించినా 1080 వెడల్పు చాలు. రెండేసి ఫొటోలు పక్కపక్కన పెట్టే గ్యాలరీలో అయితే 540 చాలు. 1080 వెడల్పుకు తగ్గించిన జేపెగ్ మామూలుగా 200 కేబీ దగ్గర తేలుతుంది. అంటే ఇరవై ఫొటోల గ్యాలరీ పేజీ అసలు ఫైళ్లతో 80 ఎంబీ ఉంటే, తగ్గించినవాటితో 4 ఎంబీ.

బీచ్ రోడ్డులో 5జీ పట్టుకున్నవాళ్లకు ఈ తేడా అంతగా తెలియకపోవచ్చు. కానీ అరకు హోమ్‌స్టే సైట్‌ను జనం ఎక్కడి నుంచి చూస్తారో ఆలోచించండి. కిరండూల్ రైల్లో ఒక సొరంగానికీ ఇంకో సొరంగానికీ మధ్య చూస్తారు. అనంతగిరి ఘాట్‌లో సిగ్నల్ వచ్చిపోతూ ఉన్న చోట, గది దొరుకుతుందో లేదో అన్న టెన్షన్‌లో చూస్తారు. పేజీలో ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనిపించాలని గూగుల్ పెట్టిన కొలత ఉంది. 80 ఎంబీ పేజీకి ఆ కొలత గురించి మాట్లాడుకోవడమే అనవసరం.

చేత్తో చిన్నది చేసి ఎక్కించడం

మొదటి దారికి సాఫ్ట్‌వేర్ పెద్దగా అక్కర్లేదు. గూగుల్ క్రోమ్ బృందం చేసిన స్క్వూష్ అనే ఉచిత పరికరం బ్రౌజర్‌లోనే నడుస్తుంది. ఫొటోను అందులో వేసి, వెడల్పు 1600కి తగ్గించి, క్వాలిటీ 75–80 మధ్య పెట్టి, వచ్చిన ఫైలును సైట్‌లో ఎక్కించడమే. క్లినిక్, ట్యూషన్ సెంటర్, లాయర్ ఆఫీస్ లాంటి సైట్లలో ఏడాదికి పది కొత్త ఫొటోలు కూడా రావు. అక్కడ ఇది పూర్తిగా సరిపోతుంది. ఎవరికీ నెలనెలా బిల్లు కట్టనవసరం లేదు.

ఫొటోలు ఎక్కించే పని ఇద్దరి చేతుల్లోకి వెళ్లిన రోజున ఈ దారి మూసుకుపోతుంది. ఓనరు శ్రద్ధగా చిన్నవి చేసి పెడతాడు. సెలవుల రద్దీలో రిసెప్షన్‌లో ఉన్న కుర్రాడు ఫోన్‌లో తీసింది తీసినట్టు పెట్టేస్తాడు. అందులో ఆ కుర్రాడి తప్పేమీ లేదు. మనిషి జ్ఞాపకం మీద నడిచే ఏర్పాటు ఇంతే నిలుస్తుంది.

ఎక్కించగానే అన్ని సైజులూ తయారు చేయడం

సైట్లు కట్టే ఉచిత సాఫ్ట్‌వేర్ వర్డ్‌ప్రెస్ చేసేది ఇదే. మన దగ్గర చిన్న సైట్లలో ఎక్కువ భాగం దాని మీదే ఉన్నాయి కాబట్టి దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

4000 పిక్సెళ్ల ఫొటో ఎక్కించగానే వర్డ్‌ప్రెస్ 150, 300, 768, 1024, 1536, 2048 సైజుల్లో కాపీలు చేస్తుంది. 2560 దాటిన ఫొటో అయితే 2560కి తగ్గించిన ఇంకో కాపీ చేసి, దాన్నే అసలుగా వాడుతుంది. మీరు ఎక్కించిన ఫైలు కూడా అలాగే ఉంటుంది. వెరసి ఒక ఫొటోకు ఎనిమిది ఫైళ్లు. ఈ పెద్ద సైజులు, 2560 హద్దు 2019లో 5.3 వెర్షన్‌తో వచ్చాయి. ఆన్‌లైన్ షాపు కోసం వూకామర్స్ ప్లగిన్ పెడితే ఇంకో మూడు సైజులు చేరతాయి. థీమ్ (సైట్ రూపాన్ని నిర్ణయించే భాగం) తనకు కావలసినవి తాను కలుపుతుంది. 1500 వస్తువుల షాపులో వస్తువుకు ఒక్క ఫొటో అనుకున్నా 16,500 ఫైళ్లు దాటుతాయి.

ఒకే సర్వర్‌ను చాలా సైట్లు పంచుకునే చవక షేర్డ్ హోస్టింగ్‌లో జీబీల హద్దుతో పాటు ఫైళ్ల సంఖ్య మీద కూడా హద్దు ఉంటుందని చాలామందికి తెలియదు. డిస్క్ సగం ఖాళీగా ఉన్నా కొత్త ఫొటో ఎక్కదు, బ్యాకప్ సగంలో ఆగిపోతుంది. కారణం ఎక్కడా స్పష్టంగా కనిపించదు. అందుకే వర్డ్‌ప్రెస్ సైట్ మొదలుపెట్టేటప్పుడే థీమ్ నిజంగా వాడే సైజులేవో చూసి, మిగతావి ఆపించండి. సెట్టింగ్స్‌లో మీడియా పేజీలో కొన్నింటికి సున్నా పెడితే చాలు. మిగతావాటిని డెవలపర్ ఒకట్రెండు పంక్తుల కోడ్‌తో ఆపగలడు. 2560 హద్దును 1920కి దించడం కూడా అంతే సులువు.

ఈ దారిలో ఇంకో ఇబ్బంది సర్వర్ మెమరీ. ఫైలు 4 ఎంబీయే అయినా, చిన్నది చేయాలంటే సర్వర్ దాన్ని విప్పి పిక్సెళ్లుగా మెమరీలో పరచాలి. కోటీ ఇరవై లక్షల పిక్సెళ్లు, ఒక్కోదానికి నాలుగు బైట్లు అనుకుంటే 48 ఎంబీ. 50 మెగాపిక్సెల్ ఫొటో అయితే 200 ఎంబీ. చిన్న ప్లాన్లలో వర్డ్‌ప్రెస్‌ను నడిపే పీహెచ్‌పీకి ఇచ్చేది 128 ఎంబీయో 256 ఎంబీయో ఉంటుంది. ‘ఫొటో ఎక్కించాను, థంబ్‌నెయిల్ (చిన్న కాపీ) రాలేదు’ అన్న ఫిర్యాదు వస్తే ముందు ఇక్కడ వెతకండి.

ఇంత ఉన్నా ఈ దారికి పెద్ద బలం ఉంది. కష్టమంతా ఎక్కించే క్షణంలోనే అయిపోతుంది. చూడటానికి వచ్చినవాళ్లకు సిద్ధంగా ఉన్న ఫైలు వెళుతుంది. హోటల్లో ఇడ్లీ ముందే వండి పెట్టుకుంటారు, దోసె మాత్రం అడిగాక వేస్తారు. ఇది ఇడ్లీ పద్ధతి: పొద్దున్నే శ్రమ, తర్వాత వడ్డించడమే. పైగా 2015 చివర్లో వచ్చిన 4.4 వెర్షన్ నుంచి వర్డ్‌ప్రెస్ ఈ సైజుల జాబితాను బ్రౌజర్‌కు ఇస్తోంది. తన స్క్రీన్‌కు ఏది సరిపోతుందో బ్రౌజరే ఎంచుకుంటుంది.

ఆ ఎంపిక సరిగ్గా జరగాలంటే ఫొటో పేజీలో ఎంత వెడల్పున కనిపిస్తుందో థీమ్ నిజం చెప్పాలి. గ్రిడ్‌లో సగం వెడల్పున కనిపించే ఫొటోకు కూడా చాలా థీమ్‌లు స్క్రీన్ మొత్తం వెడల్పే చెబుతాయి. బ్రౌజర్ అది నమ్మి అవసరానికి రెండింతల పెద్ద ఫైలు తెస్తుంది. 2024 నవంబరులో వచ్చిన 6.7 వెర్షన్, కిందికి జరిపాక లోడయ్యే ఫొటోల విషయంలో ఈ వెడల్పును బ్రౌజరే కొలుచుకునేలా చేసింది. దానికి బ్రౌజర్ కూడా సహకరించాలి. ఇంకా పాత వెర్షన్ మీద ఉన్నవాళ్లు అప్‌డేట్ చేసుకోవడానికి ఇదొక్క కారణం చాలు.

ఈ దారిలో నిజంగా నొప్పి పెట్టేది డిజైన్ మార్పు. కొత్త థీమ్ 600 వెడల్పు అడిగితే పాత ఫొటోలకు ఆ సైజు ఉండదు. అన్నిటినీ మళ్లీ తయారు చేయాలి. వర్డ్‌ప్రెస్‌ను కమాండ్లతో నడిపే డబ్ల్యూపీ-సీఎల్ఐలో దీనికి ఒక కమాండ్ ఉంది, ప్లగిన్లూ ఉన్నాయి. రాత్రిపూట, బ్యాకప్ తీసుకున్నాక నడపండి. క్రమం కూడా ముఖ్యం. ముందు కొత్త సైజులు తయారు చేయాలి, తర్వాత పేజీ క్యాష్ (వేగం కోసం దాచి ఉంచిన పేజీ కాపీలు) ఖాళీ చేయాలి, పాత సైజుల్ని మాత్రం కొన్ని వారాల దాకా తీసేయకూడదు. దాచి ఉంచిన పాత పేజీలు, గూగుల్ ఇమేజ్ ఫలితాలు ఇంకా ఆ పాత లింకుల్నే అడుగుతుంటాయి. తొందరపడి తుడిచేస్తే సైట్ నిండా ఖాళీ డబ్బాలు కనిపిస్తాయి.

ఎవరైనా అడిగినప్పుడే తయారు చేయడం

వర్డ్‌ప్రెస్‌లాగే సైట్లు కట్టే డ్రూపల్, వాగ్‌టెయిల్ లాంటివి ఈ దారిలో నడుస్తాయి. ఎక్కించినప్పుడు అసలు ఫొటో ఒక్కటే దాచుకుంటాయి. ఒక పేజీ 400 వెడల్పు ఫొటో అడిగితే మొదటిసారి తయారు చేసి, డిస్క్ మీద దాచి, రెండోసారి నుంచి దాచిందే ఇస్తాయి. డ్రూపల్‌లో ఈ కొలతల్ని ఇమేజ్ స్టైల్స్ అంటారు. స్టైల్‌లో కొలత మార్చి సేవ్ చేస్తే పాత కాపీలన్నీ వాటంతటవే పోతాయి, అవసరమైన కొద్దీ కొత్తవి పుడతాయి. డిజైన్ తరచూ మారే సైట్‌కు, విభాగానికో మనిషి ఫొటోలు ఎక్కించే కాలేజీకి, పెద్ద సంస్థకు ఇంతకంటే హాయి లేదు. ఎవరు ఏ సైజులో ఎక్కించినా బయటికి వెళ్లేది నిర్ణయించిన కొలతే. ఎవరూ అడగని సైజు అసలు తయారే కాదు కాబట్టి ఫైళ్ల గుట్ట కూడా పెరగదు.

ఫొటోలో ముఖ్యమైన చోటు ఎక్కడో గుర్తుపెట్టే వీలు వాగ్‌టెయిల్‌లో సొంతంగానే ఉంది, డ్రూపల్‌లో ఫోకల్ పాయింట్ మాడ్యూల్‌తో వస్తుంది. నిలువు ఫొటోను అడ్డంగా కత్తిరించినప్పుడు మధ్య భాగమే మిగిలి తలలు ఎగిరిపోవడం మనం రోజూ చూస్తున్నదే. బహుమతి అందుకుంటున్న పిల్లాడి ముఖం పోయి చొక్కా గుండీలు మాత్రం మిగిలిన ఫొటో స్కూల్ సైట్‌లో ఉంటే ఆ తల్లిదండ్రులకు ఎలా ఉంటుంది? ఈ సదుపాయం ఒక్కదాని కోసం కూడా ఈ దారి ఎంచుకోవచ్చు.

కష్టం మొదటిసారి అడిగినవాళ్ల మీద పడుతుంది. మామూలు రోజున అది ఒకట్రెండు సెకన్ల విషయం. స్థానిక వార్తల సైట్‌కు మాత్రం మామూలు కాని రోజులే అసలైన పరీక్ష. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను తీరం దాటినప్పుడు విశాఖలో కరెంటు, ఫోన్ సిగ్నల్ రెండూ పోయాయి. అలాంటి రోజున బయట ఊళ్లలో ఉన్నవాళ్లంతా ఒకేసారి ఊరి ఫొటోల కోసం వెతుకుతారు. కొత్త పేజీ పెట్టిన నిమిషంలోనే వేలమంది వచ్చిపడితే, ఇంకా తయారు కాని సైజును అందరూ ఒక్కసారే అడుగుతారు. డ్రూపల్ అప్పుడు ఒకరి కోసమే తయారీ మొదలుపెట్టి, మిగతావాళ్లను కాసేపాగి రమ్మని 503 జవాబు ఇస్తుంది. సర్వర్ కుప్పకూలకుండా ఇది కాపాడుతుంది, కానీ ఆ కాసేపు ఫొటో కనిపించదు. దీనికి మందు ఉంది: పేజీని ప్రచురించగానే లింకు పంచుకోకముందే రిపోర్టరే దాన్ని ఒకసారి ఫోన్‌లో, ఒకసారి కంప్యూటర్‌లో తెరవాలి. లేదా ముఖ్యమైన సైజుల్ని ఎక్కించగానే తయారు చేసే ఇమేజ్ స్టైల్ వార్మర్ లాంటి మాడ్యూల్ పెట్టుకోవాలి.

భద్రత విషయంలో కూడా ఈ దారికి ఒక చరిత్ర ఉంది, అది తెలిసి ఉండాలి. ఒకప్పుడు వందలాది వర్డ్‌ప్రెస్ థీమ్‌లలో టిమ్‌థంబ్ అనే చిన్న పీహెచ్‌పీ ఫైలు ఉండేది. లింకులో వెడల్పు రాస్తే ఆ సైజుకు ఫొటో తయారు చేసి క్యాష్ ఫోల్డర్‌లో పెట్టేది. 2011 ఆగస్టులో అందులో పెద్ద లోపం బయటపడింది. బయటి సైట్ నుంచి ఫొటో పేరుతో ప్రోగ్రామ్ ఫైలును తెప్పించి, ఆ క్యాష్ ఫోల్డర్‌లోనే నడిపించడం సాధ్యమైంది. చాలా సైట్లు హ్యాక్ అయ్యాయి. ఇంకో రకం దాడిలో హ్యాకింగ్ కూడా అక్కర్లేదు. లింకులో వెడల్పు 1, 2, 3 అంటూ వేల సైజులు అడుగుతూ పోతే సర్వర్ తయారు చేస్తూనే ఉంటుంది, చివరికి డిస్క్ నిండిపోతుంది. అందుకే డ్రూపల్ 2013లో 7.20 వెర్షన్‌తో ప్రతి ఇమేజ్ లింకుకూ ఒక టోకెన్ (సైట్ మాత్రమే తయారు చేయగల సంకేతం) జత చేసింది. టోకెన్ కుదరకపోతే తయారు చేయదు. మీ డెవలపర్ సొంతంగా ఇలాంటి స్క్రిప్ట్ రాసిస్తానంటే ఒక్క ప్రశ్న అడగండి: ‘ఎవరైనా తమకు నచ్చిన సైజు అడిగితే ఏమవుతుంది?’ జవాబు వెంటనే రాకపోతే ఆ స్క్రిప్ట్ వద్దు.

బయటి సర్వీసుకు అప్పగించడం

క్లౌడినరీ, ఇమ్‌జిక్స్, క్లౌడ్‌ఫ్లేర్, వర్డ్‌ప్రెస్‌వాళ్లకు జెట్‌ప్యాక్ ఇలా చాలా ఉన్నాయి. అసలు ఫొటో ఇస్తే చాలు. చిన్నది చేయడం, ఆ బ్రౌజర్‌కు నచ్చిన ఫార్మాట్‌లోకి మార్చడం, చూసేవాళ్లకు దగ్గరలో ఉన్న సర్వర్ నుంచి అందించడం అన్నీ వాళ్లే చూసుకుంటారు. విశాఖ హోటల్ సైట్‌ను కోల్‌కతా నుంచి, రాయపూర్ నుంచి, భువనేశ్వర్ నుంచి చూసేవాళ్లు చాలామంది. మీ హోస్టింగ్ అమెరికాలో ఉంటే ఒక్కో ప్రశ్న వెళ్లి జవాబు తిరిగి రావడానికే సుమారు పావు సెకను పడుతుంది. దగ్గరి సర్వర్ నుంచి వస్తే ఆ తేడా కళ్లకే కనిపిస్తుంది.

ఇక్కడ ఒక మాట. 2025 అక్టోబరులో గూగుల్ ఐదేళ్లలో సుమారు 1500 కోట్ల డాలర్లతో విశాఖలో ఏఐ హబ్ కడతామని ప్రకటించింది. ఊళ్లో డేటా సెంటర్ వస్తే మన సైట్లు వాటంతటవే స్పీడవుతాయని అనుకునేవాళ్లున్నారు. మీ సైట్ ఏ సర్వర్‌లో ఉందో అక్కడి నుంచే వస్తుంది. పక్కన ఎంత పెద్ద డేటా సెంటర్ ఉన్నా 4 ఎంబీ ఫొటో 4 ఎంబీగానే ఉంటుంది. హోస్టింగ్ దగ్గరగా కావాలంటే ఇప్పుడే ముంబైలో 2016 నుంచి, హైదరాబాద్‌లో 2022 నుంచి అమెజాన్ రీజియన్లు (డేటా సెంటర్ల సముదాయాలు) ఉన్నాయి.

బయటి సర్వీసును ఎంచుకునే ముందు మూడు విషయాలు అడగాలి. బిల్లు దేనికి వేస్తారు అన్నది ఒకటి. కొందరు తయారైన సైజుల సంఖ్యను లెక్కిస్తారు, కొందరు పంపిన జీబీలను, క్లౌడినరీ లాంటివి రెండూ కలిపి క్రెడిట్ల లెక్కలో చూస్తాయి. డిసెంబరు, జనవరిలో అరకు సీజన్ వస్తే మీ బిల్లు ఎంతవుతుందో సీజన్‌కు ముందే లెక్క వేసుకోవాలి. అదీ డాలర్లలో.

రెండోది, అసలు ఫొటో ఎవరి దగ్గర ఉంటుంది అన్నది. క్లౌడ్‌ఫ్లేర్ మీ సర్వర్‌లోని ఫొటోను తీసుకుని మార్చే పద్ధతిలో అసలు మీ దగ్గరే ఉంటుంది. వాళ్లను వదిలేసినా పెద్ద నష్టం లేదు. ఫొటోలన్నీ నేరుగా సర్వీసులోకే ఎక్కించి, వాళ్ల లింకులే మీ పేజీల్లో రాసేస్తే, ఆ తర్వాత వదులుకోవడం అంటే వందల పేజీలు తిరగరాయడమే. ఏ దారి ఎంచుకున్నా అసలు ఫొటోలు మీ చేతిలో, మీ బ్యాకప్‌లో ఉండాలి. ఈ ఒక్క విషయంలో నేను రాజీ పడను. చిన్న కాపీలు ఎన్నిసార్లు పోయినా మళ్లీ చేసుకోవచ్చు. అసలు పోతే ఎవరూ తెచ్చివ్వలేరు.

మూడోది, దాచిన ఫొటోను తుడిపించే వీలుందా అన్నది. జెట్‌ప్యాక్ ఇచ్చే ఉచిత ఇమేజ్ సర్వీసు ఒకసారి తీసుకున్న ఫొటోను అలాగే ఉంచుకుంటుంది. అదే లింకు వెనక ఫొటో మార్చినా పాతదే చూపిస్తుంది, పేరు మార్చి ఎక్కించాలి. ఈ సంగతి తెలిస్తే ఇబ్బంది లేదు, తెలియకపోతే రోజంతా తల పట్టుకోవాలి.

సొంత సర్వర్ నడిపే టీమ్ ఉంటే ఐఎంజీప్రాక్సీ, థంబర్ లాంటి ఓపెన్ సోర్స్ ప్రోగ్రాములు ఇదే పనిని మీ సర్వర్‌లోనే చేస్తాయి. టోకెన్ లాంటి సంతకం ఉన్న లింకులు మాత్రమే ఒప్పుకునేలా అమర్చి, దాని ముందు ఎన్‌జిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రామ్‌తో క్యాష్ పెట్టాలి. సర్వర్ చూసుకునే మనిషి జీతం మీద లేని చోట దీని జోలికి వెళ్లవద్దు.

దాచుకున్న పాత ఫొటో వదలకపోతే

‘రేట్ల బోర్డు ఫొటో మార్చాం, అయినా కస్టమర్లకు పాత రేట్లే కనిపిస్తున్నాయి.’ క్యాష్ గురించి వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఇదే. ఒక ఫొటో మూడు నాలుగు చోట్ల దాచి ఉండొచ్చు: చూసేవాళ్ల బ్రౌజర్‌లో, మధ్యలో సీడీఎన్‌లో (చూసేవాళ్లకు దగ్గరి సర్వర్ల నుంచి ఫైళ్లు అందించే సర్వీసు), మీ సర్వర్‌లో తయారైన కాపీగా, పేజీ క్యాష్‌లో లింకు రూపంలో. మీరు ఏది ఖాళీ చేసినా కస్టమర్ ఫోన్‌లో దాచి ఉన్నదాన్ని మాత్రం ముట్టుకోలేరు.

దీనికి భయపడి కొందరు ఫొటోల క్యాష్ గడువును గంటకో, రోజుకో తగ్గిస్తారు. అది మంచిది కాదు. వారానికోసారి వచ్చే కస్టమర్ ప్రతిసారీ అవే ఫొటోలు మళ్లీ దించుకోవాల్సి వస్తుంది. దీనికి విరుద్ధంగా చేయండి: ఫొటోలకు గడువు ఏడాది పెట్టండి, సెకన్లలో 3,15,36,000. మార్చాల్సి వచ్చినప్పుడు ఫైలు పేరే మార్చండి. పేరు కొత్తదైతే లింకు కొత్తది, లింకు కొత్తదైతే ఎక్కడా పాత కాపీ ఉండదు. వర్డ్‌ప్రెస్‌లో అదే పేరుతో మళ్లీ ఎక్కిస్తే చివర ఒక అంకె చేర్చి కొత్త పేరు పెడుతుంది కాబట్టి మామూలుగా ఈ చిక్కు రాదు. పాత లింకునే ఉంచి లోపలి ఫొటో మార్చే ప్లగిన్లు వాడినప్పుడే వస్తుంది. రేట్ల బోర్డుకు మాత్రం అసలు ఫొటోయే వద్దు. రేట్లు అక్షరాల్లో రాయండి.

పేర్ల విషయంలో మనవాళ్లకు ప్రత్యేకంగా ఒక జాగ్రత్త ఉంది. తెలుగులో పేరు పెట్టిన ఫైలు లింకులోకి వచ్చేసరికి ప్రతి గుర్తూ తొమ్మిది అక్షరాలవుతుంది. ‘అరకు’ అన్న చిన్న మాట 36 అక్షరాల గజిబిజి అవుతుంది. లైనక్స్ సర్వర్లలో ఫైలు పేరుకు మామూలుగా 255 బైట్ల హద్దు ఉంటుంది, ఒక్కో తెలుగు గుర్తుకూ మూడు బైట్లు పడతాయి. పొడవాటి తెలుగు పేరుకు సైజు అంకెలు కూడా చేరితే కొన్ని కాపీలు తయారు కాకపోవచ్చు. ఫైలు పేరు ఇంగ్లీషు అక్షరాల్లో చిన్నగా పెట్టి, తెలుగును ఫొటో వివరణలో నిండుగా రాయండి. చూపులేనివాళ్ల స్క్రీన్ రీడర్ చదివేది ఆ వివరణనే.

ఎర్రరంగు, తెలుగు అక్షరాలు

వెబ్‌పీ అనే ఫొటో ఫార్మాట్ అదే నాణ్యత ఉన్న జేపెగ్‌కంటే 25 నుంచి 34 శాతం చిన్నదిగా ఉంటుందని గూగుల్ లెక్క. వర్డ్‌ప్రెస్ 2021 నుంచి వెబ్‌పీని, 2024 నుంచి ఏవిఫ్ అనే ఇంకో ఫార్మాట్‌ను ఎక్కించుకోనిస్తోంది. గదులు, బీచ్, కొండలు, భోజనం ఫొటోలకు కళ్లు మూసుకుని వెబ్‌పీ వాడొచ్చు.

ఏటికొప్పాక బొమ్మలు అమ్మే సైట్ అయితే మాత్రం కళ్లు తెరిచి చూడాలి. లక్కపూత ఎరుపు, పసుపు కలిసే చోట ఉండే పదునైన గీతే ఆ బొమ్మ అందం. నష్టంతో కుదించే వెబ్‌పీ రంగు వివరాన్ని అడ్డంగా, నిలువుగా సగానికి తగ్గించి దాచుకుంటుంది. చాలా జేపెగ్‌లూ అంతే. ఆకాశంలో అది తెలియదు, ఎరుపు అంచు దగ్గర మసకగా తెలుస్తుంది. రంగు వివరం పూర్తిగా ఉంచే అమరిక ఏవిఫ్‌లో, జేపెగ్‌లో ఉంది. అలాంటి వస్తువుల పెద్ద ఫొటోకు ఆ అమరిక, థంబ్‌నెయిల్‌కు మామూలు వెబ్‌పీ చాలు. అన్నిటికీ ఒకే క్వాలిటీ అంకె పెట్టే ప్లగిన్ ఈ తేడా చూడదు, మనిషే చూడాలి.

తెలుగు అక్షరాలున్న పోస్టర్ల మీద నాకు ఇంకా ఎక్కువ బాధ. సంక్రాంతి ఆఫర్, అడ్మిషన్ల ప్రకటన, గుడి ఉత్సవాల షెడ్యూలు అన్నీ ఫొటోలుగానే పెడుతున్నారు. మన అక్షరాల్లో వత్తులు, గుడులు సన్నగా ఉంటాయి. 300 వెడల్పు కాపీలో ‘త’ వత్తు, ‘న’ వత్తు ఒకేలా మసకబారతాయి. ఫొటో కింద ఆ సమాచారాన్ని అక్షరాల్లో రాయడం అన్నిటికంటే మేలు. పోస్టరే పెట్టాలంటే పీఎన్‌జీ లేదా నష్టం లేని వెబ్‌పీ వాడి, చిన్న కాపీల్లోకి వెళ్లకుండా పూర్తి వెడల్పున చూపించండి.

ఎవరికి ఏది

ఒక్కరే చూసుకునే, ఫొటోలు అరుదుగా మారే సైట్‌కు చేత్తో చిన్నవి చేయడం చాలు. హోమ్‌స్టే, రెస్టారెంట్ లాంటి వర్డ్‌ప్రెస్ సైట్‌కు ఎక్కించగానే తయారు చేసే దారే ఉంచుకుని, అక్కర్లేని సైజులు ఆపి, ఏడాది క్యాష్ గడువు పెట్టి, సైట్ ముందు ఒక ఉచిత సీడీఎన్ పెట్టుకోండి. దీనికి పైసా కొత్త ఖర్చు లేదు, చాలామందికి ఇంతకుమించి ఎప్పటికీ అవసరం రాదు.

వారం వారం కొత్త సరుకు వచ్చే, ఇద్దరు ముగ్గురు ఫొటోలు ఎక్కించే షాపుకు లెక్క వేరు. వస్తువులు వెయ్యి దాటి, ఫైళ్ల హద్దు దగ్గరపడుతుంటే, అసలు మీ సర్వర్‌లోనే ఉంచే బయటి సర్వీసుకు వెళ్లండి. అప్పుడు వర్డ్‌ప్రెస్ చేసే సైజుల్ని బాగా తగ్గించేయొచ్చు. రెండు చోట్లా అదే పని చేయించి రెండు చోట్లా ఖర్చు పెట్టుకుంటున్న సైట్లు చాలా ఉన్నాయి. వార్తల సైట్‌కు అడిగినప్పుడు తయారు చేసే దారి, దాని ముందు సీడీఎన్, లింకు పంచుకునే ముందు ఒకసారి తెరిచి చూసే అలవాటు మూడూ కలిసి ఉండాలి. కాలేజీకి, సంస్థకు డ్రూపల్, వాగ్‌టెయిల్‌లలో ఏది తెలిసినవాళ్లు దొరికితే అది. ఆ రెంటి మధ్య తేడా ఇక్కడ పెద్దది కాదు.

ఏది ఎంచుకున్నా డబ్బు కట్టేముందు ఈ పరీక్ష చేయించండి. కంప్యూటర్‌లో క్రోమ్‌లో మీ సైట్ తెరిచి, డెవలపర్ టూల్స్‌లో ఫోన్ స్క్రీన్ ఎంచుకుని, నెట్‌వర్క్ ట్యాబ్‌లో ఇమేజ్‌లు మాత్రమే చూడండి. ఒక్కో ఫైలు బరువు 300 కేబీ దాటితే సైజుల పని ఇంకా కుదరలేదు. పేజీని ఇంకోసారి తెరవండి, ఈసారి ఫొటోలు మెమరీ నుంచో డిస్క్ నుంచో వచ్చాయని కనిపించాలి. మళ్లీ సర్వర్ నుంచి వస్తుంటే గడువు పెట్టలేదన్నమాట. క్లౌడ్‌ఫ్లేర్ ఉంటే క్యాష్ స్టేటస్ దగ్గర ‘హిట్’ అని ఉందో లేదో చూడండి. చివరగా రిసెప్షన్‌లో కూర్చునే మనిషి చేతికి ఫోన్ ఇచ్చి, ఏమీ చెప్పకుండా, గ్యాలరీలోంచి ఒక కొత్త ఫొటో సైట్‌లో ఎక్కించమనండి. ఆ ఫొటోతో పైన చెప్పిందంతా మళ్లీ చూడండి.